సలహా చెప్పని మనిషి

9 జూన్ 2024, ఆదివారం, సికింద్రాబాద్

లైఫ్ కోచ్ దగ్గరికి వెళ్దామని నిశ్చయించుకున్నాను. ఇంట్లో ఆయనకొక్కరికే చెప్పాను. "ఫీజెంత?" అని అడిగారు, అంతే. న్యాయమైన ప్రశ్నే.

సంగతి ఇది. ఈసారి మా బ్యాంకులో స్కేల్ ఫోర్ ప్రమోషన్‌కు నా బ్యాచ్ వాళ్లు చాలామంది పేరిస్తున్నారు. వస్తే చీఫ్ మేనేజర్ హోదా, దాని వెంటే ట్రాన్స్‌ఫర్. భువనేశ్వరో, పట్నానో, ఎక్కడికో. అమ్మాయి ఇప్పుడే ఇంటర్‌లో చేరింది. అత్తయ్యకు మోకాళ్ల ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. వద్దనడానికి ఇవి చాలు. అయినా "వద్దు" అన్న మాట నోట రావడం లేదు. "సరే" అన్నదీ రావడం లేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. అమ్మ ఇంటిపట్టున ఉండమంటుంది. పెద్దాడపడుచు "వదినా, రేపు పెన్షన్ ఎంత పెరుగుతుందో చూసుకో" అంటుంది. జోనల్ ఆఫీసులో సారు "మీలాంటివాళ్లు ముందుకు రాకపోతే ఎలా మేడమ్" అంటారు. అందరూ నా మేలు కోరేవాళ్లే. కానీ ఒక్కొక్క సలహాలో ఆ చెప్పేవాళ్ల బతుకు ఉంది, నాది లేదు. ఎవరైనా కష్టం చెప్పుకోవడం మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేలోపే దారి చూపించేయడం మన ఇళ్లలో అలవాటు. ప్రేమతోనే చేస్తాం. ఆ ప్రేమలో నేను చెప్పదలచుకున్నది చివరిదాకా చెప్పే వీలు నాకు దొరకలేదు.

డల్లాస్‌లో ఉన్న పిన్ని కూతురు పోయినేడు తన కంపెనీ ఖర్చుతోనే ఒక కోచ్‌తో పనిచేసింది. "అక్కా, ఆవిడ నాకు ఒక్క సలహా కూడా చెప్పలేదు" అంది. నాకు ఆశ పుట్టించింది ఆ మాటే.

12 జూన్, బుధవారం

ఎవరిని నమ్మాలో తేల్చుకోవడం తేలిక కాదు. మన దేశంలో లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. సైకియాట్రిస్టంటే వైద్యం చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. కోచ్ విషయంలో చట్టం అలాంటి గీత ఏదీ గీయలేదు. శని, ఆదివారాల్లో ఒక క్లాసుకు వెళ్లొచ్చినవాళ్లూ, ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లూ ఒకే పేరుతో కనబడతారు.

స్వచ్ఛందంగా తీసుకునే గుర్తింపులున్నాయి. అమెరికాలో ఫైనాన్షియల్ ప్లానర్‌గా పనిచేసిన థామస్ లియొనార్డ్ 1995లో మొదలుపెట్టిన ఐసీఎఫ్ అనే సంస్థ ఇచ్చేవాటికి పేరుంది. వాటిలో మూడు మెట్లు. ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. పీసీసీకి 125, 500. ఎంసీసీకి 200, 2,500. లోన్ ఫైలు చూసినంత శ్రద్ధగా ఇవన్నీ చూశాను. గంటలు ఎక్కువున్నంత మాత్రాన ఆ మనిషి మనకు నప్పుతారని కాదు. కానీ ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే మాట మార్చేవారితో మనకు పని లేదు.

ఒకాయనకు ఫోన్ చేశాను. నా సమస్య వినకుండానే "మూడు నెలల్లో మీ జీవితం మారిపోతుంది, గ్యారంటీ" అన్నారు. ఈ రాత్రికే కడితే సగం తగ్గింపట. నమస్కారం చెప్పి పెట్టేశాను.

తర్వాత మాట్లాడినావిడ హెచ్ఆర్‌లో చాలాకాలం పనిచేసి ఇటు వచ్చారు. పీసీసీ ఉంది. అరగంట ఉచితంగా మాట్లాడారు. ఫలితానికి తాను పూచీ పడలేనని, నిర్ణయం ఎప్పుడూ నాదేనని మొదటే చెప్పారు. సాయంత్రం ఒప్పందం కాగితం పంపారు. గంటకు నాలుగు వేలు, రెండు వారాలకోసారి, మూడు నెలలు. మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు వాపసు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే తప్ప మాట్లాడుకున్నది బయటికి పోదు. కోచింగ్ వైద్యం కాదన్న వాక్యం కూడా విడిగా రాసి ఉంది. సంతకం పెట్టాను.

22 జూన్, నాలుగో శనివారం

మొదటి సెషన్. వెస్ట్ మారేడ్‌పల్లిలో వాళ్లింటి ముందుగది.

చాలాసేపు నేనే మాట్లాడాను. అమ్మ ఏమంది, ఆయన ఏమనుకుంటున్నారు, అత్తయ్య మందులు, అమ్మాయి కాలేజీ, జోనల్ ఆఫీసు. కోచ్‌గారు ఎక్కడా అడ్డురాలేదు. అప్పుడప్పుడూ ఒక మాట రాసుకున్నారు. నేను ఆగాక, "ఇందులో అందరి మాటా ఉంది. మీకేం కావాలో చెప్తారా?" అన్నారు.

"ఇంటికి ఏది మంచిదో అదే."

"అది ఇంటికి. మీకు?"

ఇక ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అనలేకపోయాను. మామూలుగా ఇలా మాట ఆగినచోట ఎదుటివాళ్లు ఏదో ఒకటి అనేసి మనల్ని గట్టెక్కిస్తారు. ఆవిడ ఎదురుచూశారు. చూపులో తొందర లేదు, జాలి లేదు. చివరికి నా గొంతులోంచి వచ్చింది: "నాకు పెద్ద బ్రాంచి నడపాలని ఉంది." క్లర్కుగా చేరిన నాటి నుంచీ ఉన్న కోరిక. ఆయనతో కూడా ఇంత సూటిగా ఎప్పుడూ అనలేదు. అన్నాక కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాతి పని నేననుకున్నంత మెత్తగా సాగలేదు. ఒక కాగితం మీద రెండు వరుసలు గీయమన్నారు. ఒకటి నాకు తెలిసినవి, రెండోది నేననుకుంటున్నవి. ట్రాన్స్‌ఫర్ భువనేశ్వర్‌కే పడుతుందన్నది, అత్తయ్య ఇల్లు కదలలేదన్నది, అమ్మాయి నేను లేకపోతే చదవదన్నది, ఒక్కొక్కటీ రెండో వరుసలోకి జరిగింది. మొదటి వరుస చిన్నదైపోయింది. ఆ కాగితం చూస్తే గుండె బరువు కొంత దిగింది.

ఈ పద్ధతిని గ్రో అంటారట. ఎక్కడికి వెళ్లాలి, ఇప్పుడెక్కడున్నాం, ఏయే దారులున్నాయి, వాటిలో దేన్ని పట్టుకుని ఏం చేస్తాం. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు సర్ జాన్ విట్‌మోర్. ఒకప్పుడు కార్ల పందేల్లో ఛాంపియన్. 1992లో ఆయన రాసిన 'కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్' ఈ వృత్తివాళ్లలో చాలామంది చదివే పుస్తకం. ఆయనకు దారి చూపింది టిమోతీ గాల్వే అనే టెన్నిస్ కోచ్ అట. ఇంటికొచ్చాక ఆ కథ చదివి చాలాసేపు ఆలోచించాను. మణికట్టు ఇలా తిప్పు, కాలు అలా పెట్టు అని చెప్పేకొద్దీ ఆటగాళ్లు బిగుసుకుపోవడం గాల్వే గమనించాడు. చెప్పడం తగ్గించి, వచ్చే బంతి మీది కుట్టును చూడమన్నాడు. బంతిని చూస్తూ చూస్తూ వాళ్లే ఆటను సరిదిద్దుకున్నారు. 1974 నాటి పుస్తకంలో ఆయన ఈ సంగతే రాశాడు. ఇవాళ నాకు జరిగిందీ అలాంటిదే.

30 జూన్, ఆదివారం

క్వార్టర్ ముగింపు. ఇవాళ కూడా బ్రాంచికే. మిగతావన్నీ వచ్చే వారం.

7 జూలై, ఆదివారం

గోల్కొండలో బోనాలు మొదలయ్యాయి.

మొదటి సెషన్ చివర చేయవలసిన పనులు నేనే ఎంచుకున్నాను. ఎప్పటిలోగా చేస్తానో, చేశానని ఎవరికి చెప్తానో మాత్రం ఆవిడ వదలకుండా అడిగారు. తేదీ చెప్పకపోయుంటే ఇవన్నీ దసరా దాకా సాగేవి.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ పాలసీ ఇప్పటిది తెప్పించి చదివాను. పిల్లల చదువు కారణంగా పోస్టింగ్ విషయంలో విన్నవించుకోవచ్చని ఒక క్లాజు ఉంది. అది హామీ కాదు, అడగడానికి వీలు మాత్రమే. అది కూడా మొదటి వరుసలో రాసుకున్నాను.

నిన్న రాత్రి అత్తయ్య దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు అడిగాను. నేను దూరం వెళ్లాల్సి వస్తే మీకెలా ఉంటుందని.

"నన్నెవరు అడిగిన్రు బిడ్డా ఇన్ని దినాలు? నడుస్తున్న గద. వరంగల్‌ల చిన్నోని దగ్గర ఆర్నెల్లు ఉంట. ఆడ నా దోస్తులు సుత ఉన్నరు."

ఆమె మొహంలో కోపం లేదు, సంబరం ఉంది. ఆమె కోసం నేను ఆగుతున్నాననుకున్నాను. ఆమె నా కోసం ఇక్కడే ఉండిపోయింది.

అమ్మాయి మాత్రం వేరేలా చెప్పింది. తలెత్తకుండా, "సెకండియర్ అయ్యేదాకా ఆగవా అమ్మా?" అంది. కారణం అడిగాను. "ఎగ్జామ్స్ అప్పుడు నువ్వుండాలి" అంది. ఇదీ మొదటి వరుసలోదే. దీనికి ఎదురు వాదన నాకు అక్కర్లేదు.

20 జూలై, శనివారం

రేపు లష్కర్ బోనాలు. ఈ పుటలో రాయాల్సింది వేరే.

సెషన్ మొదట్లో కోచ్‌గారు నిద్ర ఎలా ఉందని అడిగారు. నాన్న పోయిన దగ్గర్నుంచీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుందని, ఆ తర్వాత నిద్ర పట్టదని చెప్పాను. ఆకలి గురించి అడిగారు. ఇష్టమైన పనులు ఇప్పుడూ చేయాలనిపిస్తోందా అన్నారు. బతకాలని లేదనిపించిందా అని కూడా మొహమాటం లేకుండా అడిగారు. అలా అనిపించలేదు, కానీ ఏ పనిమీదా మనసు నిలవడం లేదన్నాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు. "ఇవాళ కోచింగ్ వద్దండి. ఇది నేను చేయాల్సిన పని కాదు. ముందు డాక్టరును కలవండి. ఆయన సరేనంటే మనం మళ్లీ మొదలుపెడదాం" అన్నారు. టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ గంటకు డబ్బు తీసుకోలేదు.

మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. తలుపు వేసేసినట్టనిపించింది. ఇంటికొచ్చి ఒప్పందం మళ్లీ చదివాను. కోచింగ్ వైద్యం కాదన్న వాక్యం అక్కడే ఉంది. ఆవిడ ఆ వాక్యానికి కట్టుబడ్డారు. ఇంకొకరైతే నా దుఃఖాన్ని "నెగెటివ్ థింకింగ్" అని పేరుపెట్టి, పొద్దున్నే అద్దం ముందు చెప్పుకోవడానికి నాలుగు వాక్యాలు రాసిచ్చేవారు. నేనవి బుద్ధిగా చెప్పుకుంటూ మరో ఏడాది మూడింటికి లేచేదాన్ని. ఈ పనిలో నిజాయితీ ఎక్కడుంటుందో నాకు తెలిసింది ఇవాళే.

28 జూలై, ఆదివారం

డాక్టరు ఓపిగ్గా విన్నారు. థైరాయిడ్‌తో సహా రక్తపరీక్షలు చేయించారు, అవి బాగానే ఉన్నాయి. డిప్రెషన్ తొలిదశలో ఉందని, ఇప్పుడే మందులు అక్కర్లేదని, సైకాలజిస్టుతో కొన్నాళ్లు మాట్లాడమని అన్నారు. కోచ్ దగ్గరికి వెళ్లడానికి అభ్యంతరం లేదన్నారు. సైకాలజిస్టు దగ్గర నాన్న గురించి మాట్లాడతాను, కోచ్ దగ్గర రాబోయే ఏళ్ల గురించి. రెండూ రెండు పనులు. ఒకటి చేసేవాళ్లు రెండోది కూడా చేసేస్తామంటే నేను ఒప్పుకోను.

మా బ్రాంచి ఊడ్చే యాదమ్మకు భర్త పోయి రెండేళ్లవుతోంది. ఆమె మాట ఎవరు వింటున్నారు? గంటకు నాలుగు వేలు నేను పెట్టగలను, ఆమె పెట్టలేదు. రేపు 14416 ఆమె ఫోనులో ఎక్కించి, పక్కన కూర్చుని కలుపుతాను. ఈ సేవ గురించి ఊరూరా చెప్పాల్సిన అవసరం చాలా ఉంది.

11 ఆగస్టు, ఆదివారం

నిర్ణయం అయింది. ఈ ఏడు పేరివ్వను. 2026 మార్చికి అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోతాయి. ఆ ఏటి ప్రమోషన్‌కు పేరిస్తాను, ఎక్కడ వేసినా వెళ్తాను. ఈలోగా ఊళ్లోనే ఒక పెద్ద బ్రాంచిలో రెండో స్థానం ఇవ్వమని జోనల్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఈ మూడో దారి ఎవరి సలహాలోనూ లేదు. "స్కేల్ మారకుండా ఆ పనికి దగ్గరగా వెళ్లే దారి ఏదైనా ఉందా?" అని కోచ్‌గారు అడిగిన ప్రశ్నకు నేను వెతికిన జవాబు ఇది.

"మంచి నిర్ణయం" అంటారేమోనని చూశాను. అనలేదు. "చెప్పేటప్పుడు మీకెలా ఉంది?" అని మాత్రం అడిగారు. తేలిగ్గా ఉందన్నాను. ఆయనకు చెప్తే, రెండేళ్ల తర్వాత వంట నేర్చుకుంటానన్నారు. ఇప్పట్నుంచే మొదలుపెట్టమన్నాను.

నిద్ర ఇంకా పూర్తిగా కుదరలేదు. ఐదు దాకా పడుకుంటున్న రోజులు పెరిగాయి.

18 ఆగస్టు, ఆదివారం

తోడికోడలు ఫోన్ చేసింది. స్కూలు ఉద్యోగం మానేసి ట్యూషన్లు పెట్టాలా వద్దా అని ఊగుతోంది. "అక్కా, మీ కోచ్ నంబరివ్వు, ఏం చేయాలో ఆవిడే చెప్తారుగా" అంది. చెప్పరని చెప్పాను. నిరాశపడింది. అందుకని నంబరుతో పాటు నాలుగు మాటలు మెసేజ్ పెట్టాను. అదే ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు ఉచితంగా మాట్లాడే అరగంట అడుగు. ఆ అరగంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో చూసుకో, ఆవిడే ఎక్కువ మాట్లాడితే ఇంకొకరిని వెతుకు. ఎక్కడ నేర్చుకున్నారో, ఎన్ని గంటల అనుభవమో అడగడానికి మొహమాటపడకు. గ్యారంటీ ఇచ్చేవాళ్లకు డబ్బు కట్టకు. రాతపూర్వకంగా ఒప్పందం లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. నిద్ర, తిండి చెడి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు, నేను తోడొస్తాను.