పొట్టేలు ఖాతాలో పాలు

హాల్డోర్ లాక్స్‌నెస్ నవల 'ఇండిపెండెంట్ పీపుల్' (1934-35) గురించి రాసినవాళ్ళు ఎక్కువగా బ్యార్తుర్ అనే పేదరైతు స్వాతంత్ర్య కాంక్ష గురించే రాశారు. సాహిత్య పరిశోధకురాలిగా నేనూ ఆ దారినే అందులోకి వెళ్ళాను. నన్ను ఆపేసినవి మాత్రం గొర్రెలు. పాస్టరు గారి మందలోని గొర్రెజాతి అంటే బ్యార్తుర్‌కి ప్రాణం. అతను ఊళ్ళో లేని రాత్రి, గర్భంతో ఉన్న భార్య రోసా మాంసానికి మొహంవాచి, తనకి తోడుగా వదిలిన గొర్రెనే కోసుకుంటుంది. అది తప్పిపోయిందనుకుని అతను మంచులో వెతుక్కుంటూ పోతాడు. తిరిగొచ్చేసరికి రోసా కాన్పులో చనిపోయి ఉంటుంది. బతికిన ఆడపిల్ల అతని బిడ్డ కాదు. అయినా పేరుపెట్టి పెంచుకుంటాడు.

గొర్రెల వంశాన్ని అంతగా పట్టించుకునే లోకంలో తల్లి స్థానమేమిటి? ఆ ప్రశ్నతోనే ఐస్‌లాండ్ రైతులు పొట్టేళ్ళని ఎలా ఎంచుకుంటారో చదవడం మొదలుపెట్టాను.

చిన్న మందలో ఈ ఎంపిక పెద్ద విషయం. ఇరవై ముప్ఫై గొర్రెలకి ఒక్క పొట్టేలు చాలు. అంటే ఆ ఏడు పుట్టే పిల్లలన్నిటిలో సగం వారసత్వం దానిదే. దాని కూతుళ్ళు ఎదకొచ్చేసరికి దాన్ని మార్చాలి. పొరుగు నుంచి తెచ్చుకోవడం అంత తేలిక కాదు. 1933లో జర్మనీ నుంచి దిగుమతి చేసుకున్న కారకుల్ గొర్రెలతో ఊపిరితిత్తుల జబ్బులొచ్చి మందలకి మందలే పోయాయి. ఆ తర్వాత దేశాన్ని కంచెలతో ప్రాంతాలుగా విడదీశారు. బతికున్న గొర్రెని కంచె దాటించడానికి ఆంక్షలున్నాయి. అందుకే చాలామంది కృత్రిమ గర్భధారణ మీద ఆధారపడతారు. అందుకోసం ఏటా పొట్టేళ్ళ జాబితా వెలువడుతుంది.

అందులో ఒక్కో పొట్టేలుకీ వీపు కండ మందం, తొడలు, ఉన్ని, స్క్రేపీ జబ్బుని తట్టుకునే జన్యువుందా లేదా అన్నీ ఉంటాయి. వాటి పక్కనే మరో రెండు అంకెలు: ఈతకి పుట్టే పిల్లలు, పాలు. పొట్టేలు ఈనదు, పాలివ్వదు. దాని తల్లి, అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు మోసిన కడుపులూ ఇచ్చిన పాలూ లెక్కగట్టి ఆ అంకె వేస్తారు. శాస్త్రం ప్రకారం తప్పులేదు, ఆ గుణాలు తండ్రి నుంచి కూడా వస్తాయి. కానీ ఆడవాళ్ళ చాకిరీ ఇంటిపేరు కింద జమకావడం చూస్తూ పెరిగిన నాకు ఆ పట్టిక కొత్తగా అనిపించలేదు.

తల్లి పేరు నిలిచిన వారసత్వమూ ఒకటుంది. 1950లో పుట్టిన ఒక గొర్రె పేరు థోకా, అంటే పొగమంచు. దాని సంతతి ఒకే ఈతలో ముగ్గురేసి పిల్లల్ని కనేది. పొదుగుకి ఉండేవి రెండే చన్నులు, మూడో పిల్లకి సీసాపాలో, మరో తల్లో వెతకాలి. ఆ జన్యువు ఒక్కవైపు నుంచే వస్తే పిల్లలెక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే ఆడది గొడ్డుపోతుంది. ఆ సంగతి 2009లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. దాన్ని మోసే పొట్టేలుకి మాత్రం ఏమీ కాదు. అందుకే జాగ్రత్తగల రైతు థోకా గొర్రెకి థోకా పొట్టేలుని జతచేయడు. చేస్తే నాలుగు కూతుళ్ళలో ఒకదానికి ఆ గతి పట్టొచ్చు.

గొడ్డు. పశువులకీ ఆడవాళ్ళకీ మన భాష ఒకే మాట వాడుతుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేని నాకు ఆ మాట వెనకనుంచి వినబడటం అలవాటే. గొడ్డుపోయిన గొర్రెని రైతు మందలో ఉంచుకోడు, అతను దయామయుడని నేననను. కానీ గొర్రెలు చూలు కట్టకపోతే అతను ముందు అనుమానించేది పొట్టేలునే. దాని వృషణాలు తడిమి చూస్తాడు, అవసరమైతే మారుస్తాడు.

మా ఇంట్లో మూడేళ్ళపాటు పరీక్షలన్నీ నాకే జరిగాయి. ఆయనకి కూడా ఒకటి చేయించాలని నేనే అడిగినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.