రాతి చెప్పు

మా అవ్వకు డెబ్బై ఏండ్లు దగ్గరికొచ్చినయి. ఆమె చూసిన దేశమంతా జమ్మికుంట చుట్టూ పది కోసుల్లనే ఉన్నది. నాట్లేసిన పొలాలు, పత్తి ఏరిన చేన్లు, పత్తి మార్కెటు, రైల్వే స్టేషను, దవాఖాన. యాత్ర అంటే ఆమెకు జాతరే. జాతర అంటే మా నాయిన డప్పు కొట్టుకుంట ముందల నడిస్తే, వెనుక నెత్తిన బోనమెత్తుకొని పోవుడు. ఊరికే చూసొద్దామని పోవుడనేది మా వాడల లేదు. పనికి పోయినం, పెండ్లికి పోయినం, సావుకు పోయినం, కరువొస్తే బతకపోయినం. చూడటానికి మాత్రం ఎటూ పోలేదు.

ఊరికే చూసే ఆ హక్కును సంపాదించుకోవడానికి మా ఇంట్ల ఒకరికి సర్కారు జీతం రావాల్సి వచ్చింది. డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. 2019ల టీచరు నౌకరి వచ్చింది. మొన్న దసరా సెలవులల్ల మా మండలం టీచర్లం ఏడుగురం కలిసి రెండు రోజులు తిరిగొద్దామని అనుకున్నం. బడిపిల్లల టూరు లెక్క ఒక్క దినంల ఎనిమిది గుళ్ళు చుట్టి, బస్సుల వాంతులు చేసుకుంట వచ్చుడు కాదు. మొదటి రోజు ధూళికట్ట, రెండో రోజు రామప్ప. రెండే. ఎవ్వలకు ఎంతసేపు చూడాలనిపిస్తే అంతసేపు. సంగతులు చెప్పేటందుకు రిటైరయిన తెలుగు సారొకాయన వస్తనన్నడు.

అవ్వను తోలుకొస్తనంటే ఎవ్వరూ కాదనలేదు. ఒక మేడం మాత్రం "పెద్దామె నడువగలుగుతదా?" అన్నది. నలభై ఏండ్లు బురదల వంగి నాట్లేసిన మనిషి నడువగలుగుతదా అని!

నిజం చెప్పాలంటే, నా భయం అవ్వ నడక గురించి కాదు, అవ్వ నోటి గురించి. మా నాయిన ఏం పని చేసేటోడని స్టాఫ్ రూములో ఎవరన్నా అడిగితే "మార్కెట్ల పని" అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. ఆఖరి పదేండ్లు నాయిన పత్తి మార్కెట్ల హమాలీ పని చేసిండు. కాని అంతకుముందు ముప్పై ఏండ్లు చెప్పులు కుట్టిండు. ఆ ముప్పై ఏండ్లను నేను ఎన్నడూ చెప్పలేదు. 1994ల దండోర పుట్టినప్పుడు నేను చిన్నపిల్లను. పేరు వెనుక మాదిగ అని ధైర్యంగా రాసుకున్నోళ్ళ పుస్తకాలు చదివే పెద్దదాన్నయిన. ఏప్రిల్ 14 వస్తే మైకు పట్టుకొని మాట్లాడుత. స్టాఫ్ రూములోకి పోతే మాత్రం నాయిన ఆరె, గూటం నా నోట్ల నుంచి బయటికి రావు. కులాన్ని సభల చెప్పుకోవడం సులువు. పక్క కుర్చీల కూర్చున్న మనిషికి చెప్పడమే కష్టం.

బయలుదేరే ముందటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంబేడ్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' యాదికొచ్చింది. 1934ల ఆయన, ఉద్యమంల పనిచేసే ముప్పై మంది దాకా కలిసి యాత్రకు పోయిన్రు. వేరూళ్ళ బౌద్ధ గుహలు చూడాలని వాళ్ళ కోరిక. దారిల దౌలతాబాదు కోట దగ్గర ఆగిన్రు. దుమ్ము కొట్టుకపోయి, కోట వాకిట్ల ఉన్న నీళ్ళ గుంటల కాళ్ళు, మొఖాలు కడుక్కున్నరు. అంతే, అంటరానోళ్ళు నీళ్ళను మైల చేసిన్రని లొల్లి లొల్లి అయింది. చివరికి కోట చూడనిచ్చిన్రు గని, ఎక్కడా నీళ్ళు ముట్టకుండ చూసేటందుకు ఒక సిపాయిని వెంట పంపిన్రు. అప్పటికి ఆయన లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చొని వచ్చిన మనిషి. ఆ దౌలతాబాదు అప్పుడు నిజాం రాజ్యంల ఉండె. మా తాతలున్నదీ ఆ రాజ్యంలనే. అంబేడ్కరుకే ఆ గతి పడితే మా తాత ఏ కోట చూస్తడు?

ధూళికట్ట ఇప్పుడు పెద్దపల్లి జిల్లాల ఉన్నది. హుస్సేనిమియా వాగు పక్క మట్టికోట దిబ్బలు, వాటికి కొంత దూరంల బౌద్ధ స్తూపం. సాతవాహనుల కాలం నాటి ఈ జాగను 1970లల్ల తవ్విన్రు. చుట్టూ పొలాలు, మధ్యన రెండు వేల ఏండ్ల కింది గుండ్రటి కట్టడం. సారు మమ్ములను తొందర పెట్టలేదు. చెట్టు కింద కూర్చోబెట్టి నిమ్మళంగ చెప్పిండు. చెక్కిన సున్నపురాయి పలకల గురించి చెప్పిండు. వానల తడుస్తున్న బుద్ధునికి ముచిలిందుడనే నాగుపాము పడగ పట్టిన కథ చెప్పిండు. అవ్వ ఇన్నది.

"పామా సారూ? మా ఎల్లమ్మ పుట్టలున్నది గూడ పామే గదా!" అన్నది.

అందరం నవ్వినం. సారు నవ్వలేదు. "చుట్టమే కావచ్చునమ్మా" అన్నడు. తొలి రోజులల్ల బుద్ధుని ఒళ్ళు చెక్కకపోయేదని, ఖాళీ ఆసనమో, బోధిచెట్టో, పాదాల గుర్తులో చెక్కి మొక్కేటోళ్ళని చెప్పిండు.

"కాళ్ళకు మొక్కిన్రా?" అని అవ్వ నోరు తెరిచింది. కాసేపాగి మెల్లగ అడిగింది. "ఇక్కడికి అందర్ని రానిచ్చేటోళ్ళా సారూ?"

రానిచ్చేటోళ్ళని సారు చెప్పిండు. మంగలి ఉపాలి సంఘంల చేరి పెద్ద భిక్షువయిండని, పాకీపని చేసే సునీతుణ్ణి బుద్ధుడే పిలిచి చేర్చుకున్నడని చెప్పిండు. అవ్వ ఆ దిబ్బ దిక్కు శానాసేపు చూసింది. "మంచిగున్న ఇల్లే. మన్నెట్ల కప్పుకున్నది?" అన్నది. నేను బీఈడీ పరీక్షకు బౌద్ధం పతనం గురించి ఐదు కారణాలు కంఠస్థం చేసిన. అవ్వ ప్రశ్నకు ఆ ఐదూ సరిపోలేదు. 1956 అక్టోబరు 14న నాగపూరుల అంబేడ్కరు లక్షల మందితో తిరిగి ఆ ఇంట్లకు ఎందుకు నడిచిండో మాత్రం అక్కడ కూర్చుంటె అర్థమయింది. జమ్మికుంట స్టేషన్ల రైలెక్కితే నాగపూరు పోవచ్చు. ఆ పట్టాల పక్కనే పుట్టి పెరిగి ఒక్కసారి పోలేదు నేను.

పగటిపూట సద్దులు విప్పినం. మా ఏడుగురి డబ్బాలు ఒక్కదగ్గరనే పెట్టినం. నీళ్ళు పోసేటప్పుడు అవ్వ సంచిల చెయ్యి పెట్టి తన గిలాస తాను తీసుకున్నది. ఇంటికాడి స్టీలు గిలాస. ఎవ్వరూ అడుగకముందే, ఎవ్వరూ అననక్కర లేకుండనే తెచ్చుకున్నది. హోటళ్ళల్ల వేరే గిలాసలో చాయ తాగి, కడిగి బోర్లించి వచ్చిన చేతులు అవి. ఆ గిలాసను నేను తప్ప ఎవరూ గమనించలేదు. నాకు ఆ పూట బువ్వ దిగలేదు.

రెండోరోజు పరకాల మీదుగ పాలంపేటకు పోయినం. రామప్ప గుడిని 1213ల కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు. 2021 జూలైల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాల ఎక్కింది. ఇసుక నింపిన పునాది మీద గుడి నిలిచిన తీరు, నీళ్ళల్ల తేలే ఇటుకలతో గోపురం కట్టిన తీరు సారు చెప్పుతుంటే నాకు గర్వమే అనిపించింది. నా నేల అనిపించింది. చెప్పులు విడిచి మెట్ల దాకా పోయినం. అవ్వ అక్కడ ఆగిపోయింది.

"మీరు పోండ్రి బిడ్డా. నేనీడ్నె కూసుంట."

"ఇది సర్కారు సూసుకునే గుడే అవ్వా. ఎవ్వలడుగుతరు? రా" అన్న.

"ఎవ్వలడుగరు. నా కాళ్ళే అడుగుతున్నయి" అన్నది.

నాకు కోపమొచ్చింది. నా చదువు, నా నౌకరి, నా ఉపన్యాసాలు, అన్నీ ఆ మెట్టు మీద ఓడిపోయినట్టనిపించింది. చేయి పట్టి గుంజిన. అవ్వ చేయి విడిపించుకున్నది. అప్పుడు చెప్పింది. పెండ్లయిన కొత్తల ఊరి గుళ్ళె కల్యాణమాయెనట. నాయిన రాత్రంతా బయట వానల తడుసుకుంట డప్పు కొట్టిండట. తోలు తడిసి మోగకపోతే మంట పెట్టి కాపుకుంట మళ్ళ కొట్టిండట. తెల్లారి మోదుగాకుల ప్రసాదం పెట్టి, ఆ ఆకును దూరంకెల్లి విసిరిన్రట. "అది కింద పడ్డది. మీ నాయిన ఏరుకున్నడు. ఆ దినం సంది నేను ఏ గుడి మెట్టూ ఎక్కలే" అన్నది. ముప్పై ఏండ్లకు పైగ నాకు చెప్పని మాట.

ఇంతల సారు అందరినీ బయటివైపుకు పిలిచిండు. చూరు కింద నల్లరాతి మదనికలు. ఒక బొమ్మను చూపించి "దీని కాళ్ళు చూడండి. ఎనిమిది వందల ఏండ్ల కిందనే హై హీల్స్!" అన్నడు. అందరు ఫోన్లు తీసిన్రు. మా జట్టుల చిన్న మేడం తన చెప్పులు గిట్లనే ఉన్నయని నవ్వింది. అవ్వ లేచి వచ్చింది. బయటి బొమ్మే గనుక రావడానికి ఏ గడపా అడ్డం లేకుండె. నొసట చెయ్యి పెట్టుకొని పైకి చూసింది.

"ఇది ఒక్క అట్ట కాదు సారూ. ఇన్ని అట్టలు ఒకదాని మీద ఒకటేసి కుడితేగాని మడిమె గంతెత్తు లేవది. అట్టకు బర్రెతోలు కావాలె. లందల తంగేడుచెక్క నీళ్ళల్ల నానాలె. మా ఆయన ఇసొంటియి కుట్టెటోడు. కిర్రు చెప్పులు. దొర నడుస్తుంటె కిర్రు కిర్రుమని ఊరంత ఇనొచ్చేటియి."

మా ఆయన కుట్టెటోడు. ఆ మాట ఏడుగురి మధ్యల పడ్డది. నా తల ఒక్క నిమిషం కిందికి వంగింది. ఆ ఒక్క నిమిషం గురించే ఇదంతా రాస్తున్న. అవ్వకు ఆ నిమిషం లేదు. తన మొగని పని గురించి వడ్రంగి మంచం గురించి చెప్పినంత తేటగ చెప్పుతున్నది.

"సారూ, గుడి కట్టిచ్చినాయన పేరు చెప్పిన్రు. రాయి చెక్కిన రామప్ప పేరు చెప్పిన్రు. ఈ చెప్పు కుట్టినోని పేరేంది?"

ఎవ్వరూ నవ్వలేదు. ఫోన్లు కిందికి దిగినయి. సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఎక్కడా రాయలేదమ్మా. ఇన్నేండ్ల సంది ఇక్కడికొస్తున్న. నేనూ అడగలేదు" అన్నడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది. తెలిసినట్టు తప్పించుకపోలేదు.

"చెక్కినోడు చెప్పు చూడంది చెక్కిండా?" అన్నది అవ్వ. "ఎవలో కుట్టిన్రు, ఎవతో తొడుక్కున్నది, చూసి చెక్కిండు. మేం కుట్టిన చెప్పు గుడికెక్కింది. కుట్టినోణ్ణి బయటుంచిన్రు."

పురుషుని పాదాల నుంచి శూద్రులు పుట్టిన్రని రాసిన్రు. మాకు ఆ పాదాలల్ల కూడ చోటు లేదు. మేం పాదాల కింద వేసుకునే దాన్ని కుట్టెటోళ్ళం. ఆ పాదం గుడిల పోతే చెప్పును బయట విడుస్తరు. చెప్పుతోపాటు మమ్ములను విడిచిన్రు. మోటబాయిల కాలంల మేం కుట్టిన తోలు బొక్కెనతోనే ఊరి పొలాలు పారినయి. ఆ నీళ్ళతో పండిన వడ్లకు అంటు లేకపాయె. మా చేతులకే అంటు.

అవ్వ కొంగు నడుముకు చెక్కింది. "పా బిడ్డా, లోపట ఎవలేం తొడుక్కున్నరో చూద్దాం" అన్నది. మెట్లు ఎక్కింది. నేను గుంజితే ఎక్కని మెట్లు. లోపల దండం పెట్టలేదు. కండ్లు మూయలేదు. గుళ్ళె రెండు గంటలు తిరిగింది. ఒక్కొక్క స్తంభం కాడ ఆగి కాళ్ళు చూసింది. నాట్యం చేసే బొమ్మల పక్కన మద్దెల కొట్టే బొమ్మలు కనపడ్డప్పుడు "ఈ మద్దెలకు తోలెవలు మూసిన్రు సారూ?" అని మళ్ళ అడిగింది. తొందర లేని యాత్ర అనుకున్నం గనుక అందరు ఆగిన్రు. ముందురోజు నడువగలుగుతదా అన్న మేడం అవ్వ వెంట వెంట తిరిగింది. తిరిగొచ్చేటప్పుడు బండిల ఆ మేడం నా దిక్కు తిరిగి "మీ నాయిన చెప్పులు కుట్టేవారని ఎప్పుడూ చెప్పలేదేంటి?" అన్నది. "సిగ్గయి" అని చెప్పిన. ఆమె ఇంకేం అడుగలేదు. బాటిలు మూత తీసి నీళ్ళు తాగి అవ్వకిచ్చింది. అవ్వ ఒక్క గడియ నా మొఖం చూసింది. తన గిలాస తీయలేదు. ఎత్తిపట్టి తాగింది. ఒక బాటిలు నీళ్ళతో కులం పోతదని నేననను. చూసింది చూసినట్టు చెప్తున్న.

సెలవులు అయినంక బడి తెరిచిన్రు. రామప్ప గుడిని ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు అని పిల్లలకు ఒక్కొక్క మార్కు ప్రశ్నలు ఇస్తుంటం. ఈసారి బోర్డు మీద ఇంకో ప్రశ్న రాసిన. గుడి కట్టడానికి ఎవరెవరు ఏమేం పని చేసి ఉంటారు? పిల్లలు రాళ్ళు మోసినోళ్ళను చెప్పిన్రు, బండ్లు తోలినోళ్ళను, ఇటుకలు కాల్చినోళ్ళను, బువ్వ వండినోళ్ళను చెప్పిన్రు. వెనుక వరుసల పిల్లగాడొకడు లేచి కూర్చొని, లేచి కూర్చొని, చివరికి "చెప్పులు కుట్టినోళ్ళు టీచర్" అన్నడు. తరగతి నవ్వబోయింది.

"మా నాయిన గూడ కుట్టెటోడు" అన్న.

నవ్వు ఆగిపోయింది. మరునాడు నాయిన ఆరె, రంపె ఇంట్ల అటుక మీది నుంచి దించి, తుప్పు తుడిచి బడికి తీసుకపోయిన. ఇప్పుడవి మా తరగతి అల్మారీల గ్లోబు పక్కన ఉన్నయి.