నల్ల తెర, మామయ్య వానలు

కంప్యూటర్ ఆన్ చేస్తే బొమ్మలేవీ రాకుండా నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి, చివర బ్రాకెట్లలో ‘ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్’ అని నిలబడిపోతే ఏం చేయాలో మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది లినక్స్. డబ్బు కట్టక్కర్లేదు, పాత మిషన్‌లోనూ నడుస్తుందని బెంగుళూరు పోయే ముందు మా పెద్దోడు ఉబుంటు వేసిపోయినాడు. మే నెల గాలివానకు కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మరుసటి రోజు ఇదీ వరస. అంగట్లో చూపిస్తే "ఫార్మాట్ కొట్టాల్సిందే మేడమ్" అన్నారు. కొడితే లోపల ఉన్నదంతా పోతుంది.

లోపల ఉన్నది మా మామయ్య వానల లెక్క. కళ్యాణదుర్గం పక్కన మెట్ట సేద్యం ఆయనది, అంతా వేరుశనక్కాయే. ముప్పై ఏళ్లు పడిన ప్రతి వానా రాసిపెట్టినారు. మిల్లీమీటర్లు కాదు, "ఆరుద్రలో పదును వాన", "పుబ్బలో తుంపర, దుమ్ము అణగలేదు", ఇట్లా. మా అనంతపురంలో వాన పడితే అది రాసుకోదగ్గ సంగతే మరి. పుస్తకాలకు చెదలు పట్టినాయి. పొడి కాకముందే అన్నీ నేను కంప్యూటర్లోకి ఎక్కించినాను. ఇప్పుడాయనకు మతిమరుపు. అయినా సాయంత్రం కాఫీ తాగుతూ ఏదో ఒక ఏడు అడుగుతారు, చూసి చెప్తాను.

మొదటి రోజు "కరెంటు లేదు మామయ్యా" అన్నాను. రెండో రోజూ అదే మాట. మూడో రోజు ఆయన అడగనేలేదు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

ఆ రాత్రి పెద్దోడికి ఫోన్ చేస్తే వాడు చెప్పినాడు. డిస్కులో ఏదైనా మార్చే ముందు లినక్స్ ఒక జర్నల్‌లో రాసుకుంటుందట, మనం సరుకు అల్మారాలో సర్దే ముందు చీటీలో రాసుకున్నట్టు. కరెంటు పోయినా మళ్లీ వచ్చాక ఆ చీటీ చూసి సర్దుకుంటుంది. ఒక్కోసారి చీటీకీ అల్మారాకూ పొంతన కుదరదు. అప్పుడు తనంతట తాను చేయకుండా మనల్ని అడుగుతుంది. ఆ నల్ల తెర అదే.

రికవరీ మోడ్ ప్రయత్నించినాం, అదీ అక్కడే ఆగింది. "అక్కడే ఎఫ్‌ఎస్‌సికె కొట్టి బాగు చేయొచ్చు మా, కానీ డిస్కే చెడిపోతూ ఉంటే ఇంకా పాడవుతుంది. ముందు ఫైళ్లు బయటికి తీయి" అన్నాడు. వీడు ఇంట్లో ఉన్నప్పుడు ఇంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

బీరువాలో వాడు పెట్టిపోయిన ఉబుంటు పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కినాను (కొన్నింట్లో ఎస్కేప్ నొక్కాలి). ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుంటే డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ మీదే సిస్టం లేచింది. తర్వాత డిస్కును చదవడానికి మాత్రమే తెరిచినాం. ఆ కమాండ్‌లో ‘ఆర్ఓ’, ‘నోలోడ్’ అని రెండు మాటలుంటాయి, వాటితో డిస్కు మీద ఏమీ రాయదు. వాడు ఒక్కో అక్షరం చెప్పడం, నేను కొట్టడం. స్లాష్ ఎటు వాలాలో నాలుగుసార్లు అడిగినాను.

ఫోల్డర్ తెరుచుకుంది. వానల ఫైలు ఉంది. ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అక్కడే తెరిచి హస్త, చిత్త, స్వాతి వరుసలు కళ్లారా చూసుకున్నాకే ముందుకు పోయినాను.

తర్వాత డిస్కును అన్‌మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సికె నడిపినాం. తెరిచి ఉన్న డిస్కు మీద దాన్ని నడపకూడదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. అడిగిన ప్రతిదానికీ ‘వై’ కొట్టినాను. పెన్‌డ్రైవ్ తీసేసి ఆన్ చేస్తే ఎప్పటి నీలం తెర వచ్చింది.

పేరూ ఊరూ తెలియకుండా దొరికిన ఫైళ్లను అది ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అనే ఫోల్డర్లో, ఉత్త నంబర్లతో కూర్చోబెడుతుంది. మాకు అరవై దాకా వచ్చినాయి. ఒకటి తెరిస్తే మా ఆడపడుచు పెళ్లి ఫోటో, తలంబ్రాల దగ్గర. మిగతావి రోజుకు రెండు మూడు తెరిచి పేర్లు పెడుతున్నాను, మామయ్య పక్కన కూర్చుని ఎవరెవరో చెప్తున్నారు.