పుండు లేని మంట

మంట అనగానే పుండెక్కడని అడగడం లోకసహజం. నా నాలుక మీద పుండు లేదు, పొక్కు లేదు, పూత లేదు. అయినా రెండేళ్లుగా ఉదయం పది దాటిందంటే చాలు, నిద్ర పట్టేవరకు నాలుక కొన మండుతూనే ఉంటుంది. పొగలు కక్కే కాఫీ తొందరపడి తాగితే ఎలా ఉంటుందో అలా. మూడు దశాబ్దాలు పిల్లలచేత శకటరేఫం పలికించిన నాలుక ఇది.

టార్చిలైటు వేసి చూసిన ఒక వైద్యుడు "అంతా శుభ్రంగా ఉందమ్మా, మనసు మళ్లించుకోండి" అన్నారు. మావారు ఊరగాయ జాడీ అటక ఎక్కించారు. విచిత్రమేమంటే అన్నం తింటున్నంతసేపూ ఆ మంట అణిగి ఉంటుంది. ఆ మాట చెబితే ఇంట్లోవారు మరీ అనుమానంగా చూశారు. చివరకు ఒక దంతవైద్యురాలు ఆ మాటనే ఆధారంగా పట్టుకున్నారు. రోజుకు రెండు గంటలకు పైగా, మూడు నెలలకు మించి మంట ఉండి, నోట ఏ దోషమూ కానరాకపోతే దానిని బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ అంటారట. ముట్లుడిగిన స్త్రీలలో ఎక్కువట. పేరులో లక్షణమే తప్ప కారణం లేదు. వ్యుత్పత్తి తెలియని దేశ్యపదం వంటి రోగమన్నమాట!

అయితే ఆ పేరు పెట్టేముందు తోసిపుచ్చవలసినవి ఉన్నాయి. ఇనుము, బి12 లోపాలు (మాబోటి శాకాహారులకు బి12 పరీక్ష మరీ ముఖ్యం), మధుమేహం, థైరాయిడ్, కట్టుడుపళ్ల కింద చేరే బూజు, నోరెండిపోవడం, ఎనలాప్రిల్ వంటి రక్తపోటు మాత్రలు. వీటిలో ఏది దొరికినా దానికి చికిత్స చేస్తే మంట తగ్గే అవకాశం ఉంది. నాకు ఏదీ దొరకలేదు.

ఇక మందులు. క్లోనజిపామ్ మాత్రను మింగకుండా, మండేచోట ఊరిన లాలాజలాన్ని మూడు నిమిషాలు నిలిపి ఉమ్మివేయడం ఒక పద్ధతి. 2004లో ఫ్రెంచి వైద్యులు 48 మందిపై రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు పరీక్షించి, ఉత్తుత్తి మాత్రకంటె మేలని తేల్చారు. నిద్రమత్తు, అలవాటుపడే గుణం ఉన్నాయి కనుక వైద్యుల చీటీ లేకుండా ముట్టరాదు. ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం కొన్ని పరిశోధనలలో గెలిచింది, కొన్నింటిలో ఓడింది. అమిట్రిప్టిలిన్ కొందరికి ఇస్తారు గాని, అది నోటినే ఎండబెడుతుంది.

అన్నిటికంటె నన్ను నవ్వించినది మిరపకాయ. అందులోని కాప్సైసిన్ కలిపిన నీటితో పుక్కిలిస్తే మొదట మంట హెచ్చి, పోనుపోను ఆ నాడులు మొద్దుబారుతాయట. కారాన్నీ వేడినీ ఒకే గ్రాహకం పసిగడుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్నది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గుంటూరు సీమ కోడలినై ఉండీ ఈ చికిత్సకు నేనింకా సాహసించలేదు.

2016లో కాక్రేన్ సంస్థ 23 పరిశోధనలను తూచి, సాక్ష్యం మిక్కిలి బలహీనమని చెప్పింది. కనుక ఖాయంగా నయం చేస్తామనేవారిని నమ్మను. బాధను ఓర్చుకునే మనోవైద్య శిక్షణకు కొంత ఫలముందంటారు. కాని "మనసు మళ్లించుకోండి" అని పంపివేయడం వేరు, కూర్చోబెట్టి నేర్పడం వేరు.

ప్రస్తుతం నాకు ఆ ఉమ్మివేసే మాత్రే నడుస్తోంది. మంచుముక్కలు చప్పరిస్తాను, పుదీనా ఘాటున్న పేస్టు మానేశాను. మంట పోలేదు గాని, మధ్యాహ్నం దాకా రావడం లేదు. మీ ఇళ్లలో ఈ బాధ పడుతున్నవారుంటే ఏ మందు ఎంతవరకు పనిచేసిందో తెలియజేయ ప్రార్థన.