కౌంటు గారి కూర

ముసలి కౌంటుకు పళ్లు లేవని, ఆయన నమలగలిగేలా వంటవాడు మాంసాన్ని సన్నగా చీల్చి వండాడని ఒక కథ. ఒడెస్సాలో కౌంట్ అలెగ్జాండర్ స్ట్రోగనోవ్ వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టేవాడని, పంచడానికి వీలుగా ముక్కలు చేయించాడని ఇంకో కథ. బీఫ్ స్ట్రోగనోఫ్ పుట్టుక గురించి ఇలాంటివి చాలానే ఉన్నాయి. పెద్దింటి కూర కదా మరి!

ఆ ఇల్లు నిజంగానే పెద్దది. స్ట్రోగనోవ్‌లు ఉప్పు వ్యాపారంలో గడించి, 16వ శతాబ్దంలో కొసాక్ నాయకుడు యెర్మాక్ సైబీరియా దండయాత్రకు డబ్బు సమకూర్చినవాళ్లు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాస్తుశిల్పి రాస్త్రెల్లి కట్టిన వాళ్ల మేడ నేటికీ నిలిచి ఉంది. 1891లో షార్ల్ బ్రియేర్ అనే ఫ్రెంచి పాకశాస్త్రి ఈ వంటతో పోటీలో గెలిచాడన్న మాట కూడా చాలాకాలం చెలామణీ అయింది.

అయితే అంతకు 20 ఏళ్ల ముందే ఇది అచ్చులోకి ఎక్కింది. ఎలెనా మొలొఖోవెట్స్ 1861లో తొలిసారి ప్రచురించిన ‘యువ గృహిణులకు కానుక’ రష్యన్ ఇళ్లలో బాగా వాడుకైన వంటల పుస్తకం. దాని 1871 కూర్పులో ‘ఆవతో స్ట్రోగనోవ్ బీఫ్’ ఉంది. చీలికలు కావు, చదరపు ముక్కలు. వాటిని వేయించి, మాంసరసంలో ఆవముద్ద కలిపి, దించేముందు స్మెతానా, అంటే పులిసిన మీగడ, కాస్తంత వేయాలి. ఉల్లి లేదు, పుట్టగొడుగు లేదు. పనసపొట్టు కూరకు ఆవ ఎలాంటిదో ఈ కూరకూ అలాంటిదే. ఇప్పటి వంటవాళ్లు చాలామంది వదిలేస్తున్నదీ దాన్నే.

1909 నాటి వంటల్లో ఉల్లి, టమాటా చేరాయి. పక్కన పుల్లల్లా తరిగి కరకరలాడేలా వేయించిన బంగాళాదుంపలు వచ్చాయి. మాంసాన్ని చీలికలు చేయడం స్థిరపడ్డాక కిటుకంతా మంటలోకి వెళ్లింది. మెత్తటి మాంసాన్ని పీచుకు అడ్డంగా కోసి, పెద్దమంట మీద కొంచెం కొంచెంగా వేయించి తీయాలి. ఒకేసారి మూకుడు నింపితే నీరు దిగి, వేగాల్సింది ఉడుకుతుంది. మీగడ వేశాక తెర్లనిస్తే విరుగుతుంది. సోవియట్ క్యాంటీన్లలో ఇంత మర్యాద సాగలేదు. చవక మాంసం, ఎక్కువ గ్రేవీ, పక్కన బంగాళాదుంప ముద్ద, అంతే.

1917 విప్లవం తర్వాత దేశం విడిచినవాళ్లతో కూర చైనా చేరింది, అమెరికా చేరింది. 1950లలో అమెరికన్ గృహిణులు డబ్బా పుట్టగొడుగుల సూపు గుమ్మరించి, గుడ్డు నూడుల్స్ మీద వడ్డించారు. పని తేలికైంది కానీ రుచి చప్పబడిందనే చెప్పాలి. పుట్టగొడుగులు మాత్రం అక్కడ పాతుకుపోయాయి. ఇప్పుడు శాకాహార స్ట్రోగనోఫ్‌లో అవే అసలు సరుకు. స్వీడన్‌వాళ్లు బీఫ్‌ను పక్కనపెట్టి సాసేజ్ ముక్కలతో వండుతారు. ‘కోర్వ్ స్ట్రోగనోఫ్’ అక్కడ పిల్లలున్న ఇళ్లలో మామూలు రోజుల వంట.

బ్రెజిల్‌వాళ్లు ఇంకా దూరం పోయారు. బీఫ్‌తో పాటు కోడి, రొయ్యలు, స్మెతానాకు బదులు పులవని డబ్బా క్రీమ్, పైగా కెచప్. వినడానికి ఘోరంగానే ఉంటుంది. కానీ తెల్లన్నంలో ఆ కూర వడ్డించి పైన చల్లుకునేది బటాటా పాల్యా, అంటే ఆ పాత రష్యన్ వడ్డనలోని బంగాళాదుంప పుల్లలే. అమెరికన్ నూడుల్స్ కన్నా ఇదే అసలుకు దగ్గర. సూపర్ మార్కెట్లలో ఆ పుల్లలు ప్యాకెట్లలో దొరుకుతాయి. గ్రేవీలో నాని మెత్తబడకుండా, తినబోయే ముందే చల్లుకుంటారు.