ఒకే గిన్నె, మూడు షిఫ్టులు

నాకు బొగ్గు బాయిలో ఫస్ట్ షిఫ్టు, మా ఆవిడకు ఆసుపత్రిలో మధ్యాహ్నం డ్యూటీ ఒకే వారంలో పడ్డాయంటే ఆ వారమంతా రాత్రి వంట నాదే. నేను మూడింటికి షిఫ్టు దిగి నాలుగులోపు క్వార్టర్ చేరతాను. ఆమె తొమ్మిదిన్నరకు గాని రాదు. మధ్యలో ఇంటర్ చదివే కూతురు, ఎనభై దాటిన మా అవ్వ (అమ్మ), నాతో కలిపి ముగ్గురి ఆకలి. సోమవారం పప్పు, మంగళవారం కోడిగుడ్లు అయిపోయాక బుధవారం నా దగ్గర సరుకుండదు. అలాంటి ఒక బుధవారం నా కూతురు ఫోన్ పట్టుకొచ్చి, "డాడీ, ఇయ్యాల వన్ పాట్ బీఫ్ పాస్తా చెయ్యి" అంది.

"ఏం పాటనే బిడ్డా?" అంది అవ్వ మంచం మీది నుంచి.

పాట కాదు, పాట్ అని పిల్ల విడమరిచి చెప్పింది. ఒక్క గిన్నెలోనే కూర ఉడకబెట్టి, అందులోనే మక్రోని పోసి, అదే గిన్నె దించుకుని తినడమట. వేరే గిన్నెలో ఉడికించేది లేదు, వార్చేది లేదు, తోముకునేది ఒకటే గిన్నె. అవ్వ అంతా విని, "గిదేం కొత్త? మీ తాతకు నేను ముప్పై ఏండ్లు వండింది గిదే గదా" అని అటు తిరిగి పడుకుంది.

ఆమె అన్నది నిజమే. మా బాపు తట్టా చెమ్మాస్ (తట్ట, పార) కాలపు కోల్ ఫిల్లర్. 1960లలో గోదావరి ఒడ్డున బాయిలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నప్పుడు ఊరు విడిచి వచ్చినవాళ్లలో ఒకడు. బాయి బతుకులో గడియారానికి పొద్దు, మాపు లేవు, షిఫ్టులే ఉన్నాయి. పొద్దున ఏడు నుంచి మూడు, మూడు నుంచి పదకొండు, పదకొండు నుంచి మళ్లీ ఏడు. బాయిని బట్టి గంట అటూ ఇటూ. ఈ వారం రాత్రి తిన్నవాడు వచ్చే వారం ఆ వేళకు లాంప్ రూమ్ ముందు నిలబడి ఉంటాడు. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ నాలుగు వేళలు. అన్నం వేరు, కూర వేరు, చారు వేరుగా వండి, ఎవరు వచ్చినప్పుడు వాళ్లకు మళ్లీ మళ్లీ వేడిచేసి పెట్టే ఓపిక ఎవరికుంటుంది? అందుకే అవ్వ ఒక్క గిన్నె పెట్టేది. బొక్కలతో సహా పెద్దకూర, అల్లం, కారం, పిడికెడు ఎండుకొబ్బరి పొడి, గిన్నెనిండా నీళ్లు. సిగిడి మీద పెట్టి వదిలేసేది. బొక్కలోని జిగురంతా నీళ్లలోకి దిగాక రెండు సోలల నూకలు అందులోనే పోసేది. నూకలు కూర నీళ్లను తాగి ఉబ్బేవి. ఆ గిన్నె అలా నిప్పు అంచున గంటలకొద్దీ ఉండేది. సెకండ్ షిఫ్టు దిగి పదకొండు దాటాక వచ్చిన బాపుకు మూత తీస్తే ఆవిరి వచ్చేది.

సిగిడి గురించి చెప్పకపోతే ఈ కూర సగమే చెప్పినట్టు. గ్యాస్ రాకముందు కాలనీలో ప్రతి గడప ముందూ సాయంత్రం ఒక సిగిడి పొగ కక్కుతూ ఉండేది. పొగ చచ్చి బొగ్గు ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేవాళ్లు. అయిదు గంటలకు వీధి ఈ చివరి నుంచి ఆ చివర కనపడేది కాదు. ఇంటికి వచ్చి ఇంత నిప్పు ముందు కూర్చునే మనిషికి బాయి లోపల ఉన్నంతసేపూ బీడీ ముట్టించడానికి లేదు. లోపల మండే గ్యాస్ ఉంటుందని దిగేముందే జేబులు తడిమి అగ్గిపెట్టె, బీడీ కట్ట బయటే పెట్టించేవాళ్లు. ఇప్పటికీ అంతే. చుట్టూ బొగ్గు, చేతిలో నిప్పు లేదు. ఇంటికి రాగానే బాపు చేసే మొదటి పని సిగిడి దగ్గర వంగి బీడీ అంటించుకోవడం, రెండోది గిన్నె మూత ఎత్తి చూడడం.

ఇప్పుడు మా ఇంట్లో సిగిడి లేదు. గ్యాస్ ఉంది, అది అయిపోయిన రోజు ఇండక్షన్ పొయ్యి ఉంది. మేం తవ్విన బొగ్గు పక్కనే 2600 మెగావాట్ల ఎన్టీపీసీలో కాలి, తీగల వెంట దేశం మీద పడి తిరిగి, అందులో చిటికెడు మళ్లీ మా వంటింటికి వచ్చి గిన్నె కింద వేడెక్కుతుంది. పొగ మాత్రం చిమ్నీ దగ్గరే దిగిపోయింది.

సరే, పాస్తా. బజారుకు వెళ్లి అరకిలో కీమా కొట్టించాను. ఒక మూలుగ బొక్క అడిగి వేయించుకున్నాను. మటన్ ధరలో సగం కూడా కాదు కాబట్టి వారం మధ్యలో కూడా చెయ్యి వణకదు. ఇక్కడ దొరికేది ఆవు కాదు. మనకు 1977 నాటి చట్టం ఉంది. ఆవును కోయకూడదు. ముదిరి, పనికిగానీ పాడికిగానీ రాని దున్న, బర్రె, ఎద్దు అయితే పశువైద్యుడు రాసిచ్చిన కాగితంతో కోయవచ్చు. ముదిరిన పశువు కనుకనే కూరకు నిప్పు ఎక్కువ కావాలి, ఓపిక ఎక్కువ కావాలి. ఫోన్‌లోని వీడియోలో ఆ అమ్మాయి ఇరవై నిమిషాల్లో దించేసింది. వాళ్ల దేశంలో లేగలను కోస్తారో ఏమో!

మొదటిసారి నేను ఆమె చెప్పినట్టే చేసి చెడగొట్టుకున్నాను. కీమా, టమాటా, మక్రోని అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి నాలుగు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే సంకటి. కీమా ఇంకా పళ్లకింద నలగదు, మక్రోని మాత్రం ఏది ఎక్కడుందో తెలియకుండా కరిగిపోయింది. అవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పండ్లు లేనోళ్లకు మంచిగున్నది" అంది. ఆమె నోట్లో మిగిలినవి నాలుగు పళ్లు కాబట్టి మెచ్చుకుందో తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తప్పు ఎక్కడుందో తర్వాత అర్థమైంది. మాంసం వేళ వేరు, పిండి వేళ వేరు. కుక్కర్లో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర ఆగకుండా నూట ఇరవై దాకా పోతాయి. అందుకే బొక్క దగ్గరి పీచు, నరం సిగిడి మీద మూడు గంటలు తీసుకునేది కుక్కర్లో ముప్పావు గంటకే జిగురుగా మారుతుంది. మక్రోనికి పది పన్నెండు నిమిషాల మామూలు మరుగు చాలు. అవ్వ నూకలు చివర పోసేది ఇందుకే. ఆమెకు డిగ్రీలు తెలియవు, వరుస తెలుసు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఇంటికి రాగానే స్నానానికి వెళ్లేముందే మూలుగ బొక్క, ఉప్పు, పసుపు, నాలుగు గ్లాసుల నీళ్లు కుక్కర్లో పెట్టేస్తాను. స్నానం, చాయ, అవ్వతో కాసేపు మాటలు అయ్యేసరికి బొక్క తన పని తాను చేసుకుంటుంది. ఆ నీళ్లను పక్కకు వంపుకుని, అదే కుక్కర్లో మూడు గంటెల నూనె, రెండు పెద్ద ఉల్లిగడ్డలు, అల్లంవెల్లుల్లి ముద్ద. తర్వాత కీమా. ఇక్కడ తొందరపడకూడదు. కీమా ముందు నీళ్లు వదులుతుంది, ఆ నీళ్లు ఇగిరిపోయి అడుగు చుర్రుమనేదాకా వేయించాలి. రుచి అంతా ఆ చుర్రులోనే పుడుతుంది. కారం, ధనియాల పొడి, జీలకర్ర పొడి, నాలుగు టమాటాలు. కొంచెం బొక్క నీళ్లు పోసి మూత పెట్టి నాలుగైదు విజిల్స్. మూత తీసి మిగతా బొక్క నీళ్లు పోసి, తెర్లుతుంటే పావుకిలో మక్రోని. ఇక మూత వద్దు. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. ఇంకా కొంచెం పలుచగా ఉండగానే దించాలి, గిన్నెలో కూడా గట్టిపడుతూనే ఉంటుంది. పైన మెంతాకు చిదిమి, కొత్తిమీర. వీడియోలో చీజ్ తురిమారు. మా ఇంట్లో తురుమేది ఎండుకొబ్బరి ఒక్కటే, అదే వేస్తాను.

వేరే గిన్నెలో ఉడికించి నీళ్లు పారబోస్తే ఏం పోతుందో బియ్యం వార్చిన ఇంట్లో చెప్పనక్కర్లేదు. గంజి పోతుంది. పిండి వదిలిన ఆ నీళ్లే కూరను చిక్కబరచి మక్రోనిని పట్టుకుంటాయి. వీడియోలో అమ్మాయి దాన్ని పెద్ద రహస్యంలా చెప్పింది.

మక్రోని కూడా మనకు నిన్నమొన్నటిది కాదు. హైదరాబాద్ కంపెనీ బాంబినో సేమియాతో పాటు మక్రోని పొట్లాలు కూడా కిరాణా కొట్లకు ఎప్పుడో తెచ్చింది. బాంబినో అంటే ఇటలీ భాషలో చిన్నపిల్లవాడని నాకు తెలిసింది మొన్ననే. టమాటాతో పెద్దకూర కూడా కొత్త కాదు. బీదర్ వైపు కల్యాణి నవాబుల పేరు మీద హైదరాబాద్‌లో అమ్మే కల్యాణి బిర్యానీ అదే కదా. చిన్న చిన్న ముక్కల పెద్దకూర, టమాటా, జీలకర్ర, ధనియాలు. అందులో బియ్యం తీసి మక్రోని పెడితే మా బుధవారం అవుతుంది.

కొత్తది ఒక్కటే, పేరు. అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

మా వైపు కూర అంటేనే మాంసం. చిన్నకూర మేక, పెద్దకూర అంటే ఈ బీఫ్. పక్క క్వార్టర్ సాయిబుల ఇంట్లో బడే కా, ఛోటే కా. పెద్ద అనే మాట ఇంత గౌరవంగా ఉన్నా దాన్ని మేం ఎప్పుడూ చిన్న గొంతుతోనే అన్నాం. క్వార్టర్లు సర్వీసును బట్టి ఇచ్చినవి, కులాన్ని బట్టి కాదు. కాబట్టి ఒకే గోడకు అటొకరు ఇటొకరు. గోడకు అవతల ఎవరున్నదీ చూసుకుని అవ్వ గిన్నె మూత బిగించేది. కొన్ని ఇళ్ల కిటికీలు ఆ వేళకు మూసుకునేవి. ఆ ఇళ్ల మనుషులూ బాపూ బాయిలో ఒకే టబ్బు నింపేవాళ్లు, ఒకే సీసా నీళ్లు తాగేవాళ్లు. పైకి వచ్చాక మాత్రం కిటికీ వేరు. బడిలో సారు ఒకరోజు అందరినీ వరుసగా పొద్దున ఏం తిన్నారని అడిగాడు. నేను పప్పు అన్నాను. నా వెనక కూర్చున్నవాడు కూడా పప్పు అన్నాడు. ముందురోజు రాత్రి మా ఇంట్లో తిన్నవాడే వాడు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టి, గొడవై, పోలీసులు వచ్చి, టీవీలన్నీ అదే మాట మోగించినప్పుడు అవ్వ "బీఫ్ అంటే ఏంది కొడుకా?" అని అడిగింది. పెద్దకూరనే అవ్వా అన్నాను. కాసేపు టీవీ చూసి, "అయితే అట్లనే అనొచ్చు గదా" అంది.

నా కూతురు అట్లా అనదు. దానికి అది బీఫ్. కాలేజీ స్నేహితురాళ్లతో, "మా డాడీ బీఫ్ పాస్తా సూపర్ చేస్తాడు" అని ఫోన్‌లో గట్టిగా చెబుతుంటే నేను వంటింట్లోంచి అప్రయత్నంగా కిటికీ వైపు చూశాను. మూయడానికో, తెరవడానికో నాకే తెలియలేదు. ఆ పిల్లల్లో ఇద్దరు, నేను చిన్నప్పుడు ఎవరి ముందు పప్పు అని చెప్పుకున్నానో అలాంటి వాళ్ల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఒకమ్మాయి రెసిపీ అడిగింది. పెద్దకూర, నూకలు అని చెబితే అడిగేదా? అడగదని నా అనుమానం. అందుకు ఆ పిల్లను నిందించను. పాస్తా అనే మాటకు మా గోడల సంగతి తెలియదు. తెలియకపోవడమే దాని సుగుణం. అయినా అవ్వ వండిన గిన్నె ఇంగ్లీషు పేరు పెట్టుకుంటే తప్ప బయటికి రాలేకపోయిందే అని కొంచెం రోషం కూడా ఉంది నాకు. కూతురితో ఆ మాట అంటే, "నువ్వు పెద్దకూర పాస్తా అని పెట్టుకో డాడీ, ఎవరు వద్దన్నారు" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

మొన్న బుధవారం మళ్లీ వండాను. పిల్ల రెండుసార్లు వేసుకుంది. మా ఆవిడ తొమ్మిదీ నలభైకి వచ్చి, చెప్పులు విడవకముందే మూత ఎత్తి చూసింది. ఆమె తినేసరికి గట్టిపడి ఉంటే, ఒక గంటెడు వేడినీళ్లు పోసి కలిపి పెట్టాను. మూలుగ బొక్క అవ్వకే. పళ్లెంలో బొక్కను టకటకా కొట్టి, లోపలిది జుర్రుకుని, వేళ్లు నాకి, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ చెప్పింది:

"నూకలు ఏస్తే ఇంకా మంచిగుండు."