అత్తయ్యగారి గదికి నెట్

మాది మామయ్యగారు కట్టించిన పాత ఇల్లు. గోడలు మూరెడు మందం. ఎండాకాలంలో ఎంత చల్లగా ఉంటుందో అని వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటారు గానీ, వైఫైకి ఆ గోడలే అడ్డం. రౌటరు హాల్లో, అత్తయ్యగారి గదేమో వెనక వసారా దాటాక. అక్కడ ఫోన్లో ఒక్క గీత కూడా రాదు.

అందుకని డాలస్‌లో ఉన్న మా ఆడపడుచుతో ఆవిడ హాల్లో కూర్చునే మాట్లాడేవారు. పక్కన టీవీ, పిల్లల గోల, నేను, మా వారు. ఇక తల్లీకూతుళ్లు ఏం చెప్పుకుంటారు? "తిన్నావా, పడుకున్నావా", అంతే. ఓసారి ఆడపడుచు ఏదో చెప్పబోయి, వెనక మమ్మల్ని చూసి ఆపేసింది. అత్తయ్యగారి మొహం చూశాక నా మనసు ఊరుకోలేదు.

గోడకి కన్నాలు పెట్టి కేబులు లాగుదామంటే, మామయ్యగారి ఇంటికి సుత్తి తగలనివ్వరు ఆవిడ. అప్పుడు దొరికిందండీ ఈ పవర్‌లైన్ అడాప్టర్. గోడలో ఎలాగూ కరెంటు తీగ ఉంది కదా, నెట్ కూడా అందులోనే పంపిస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఈ సిగ్నలు లక్షల నుంచి కోట్ల సార్లు. అందుకే ఒకే తీగలో వెళ్లినా దేని దారి దానిదే. ఒకటి రౌటరు పక్కన ప్లగ్గులో పెట్టి, చిన్న వైరుతో రౌటరుకి కలపాలి. వైఫై ఇచ్చే రెండోది ఆ గదిలో. రెండింటి మీదా పెయిర్ బటన్ నొక్కితే జత కుదురుతుంది. స్పైక్ బస్టర్‌కి మాత్రం పెట్టకండి, సిగ్నల్ని మింగేస్తుంది; నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి. త్రీ ఫేజ్ ఇల్లయితే రెండు ప్లగ్గులూ ఒకే ఫేజ్ మీద ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించుకుంటే మంచిది.

పెట్టె మీద 600 ఎంబీపీఎస్ అని గొప్పగా రాశారు. మాకొచ్చేది 40. వీడియో కాల్‌కి అదే బోలెడు. మిక్సీ వేస్తే మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఆ మోటారు గోల కూడా అదే తీగలోకి వెళ్తుంది మరి. అందుకే పొద్దున్నే ఆవిడ కాల్ మొదలయ్యేలోపే చట్నీ రుబ్బేసుకుంటున్నాను.

ఇప్పుడు తలుపు దగ్గరకు వేసుకుని గంటసేపు మాట్లాడతారు. మొన్న బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా వారు ఏమైందని అడగబోతే కళ్లతోనే వద్దన్నాను. కాఫీ తాగి, "దానికి సున్నుండలు చేసి పంపుదామా?" అన్నారు. మినప్పప్పు వేయించడానికి మూకుడు పెట్టాను.